పద్దెనిమిది నిమిషాల్లో విప్పే ఇల్లు

మా వరసలో ఇరవై ఏడు ఇళ్ళు. వెనక గోడౌను ప్రహరీ, ముందు నడిచే దారి, దారికి అవతల మురుగుకాలవ, మధ్యలో మేము. ప్రహరీయే మా అందరికీ వెనక గోడ. మిగతా మూడు పక్కలూ ఎవరి ఓపిక కొద్దీ వాళ్ళు కట్టుకున్నవి. నాది పదమూడో ఇల్లు, బట్టలు కుడతాను. పద్నాలుగోది సెంట్రింగు వదినది. ఆమె గురించి చెబుదామని కూర్చున్నాను. నా నోరు మంచిది కాదు, మధ్యమధ్య ఎవర్నైనా తిడితే ఏమీ అనుకోకండి. ఎక్కువగా తిట్టుకునేది నన్ను నేనే.

ఆమె నాకు వరసకు వదినేం కాదు. అక్కడ అందరికీ వదినే. ఆమెకంటే పాతికేళ్ళు పెద్దవాడైన వాచ్‌మన్ తాత కూడా "వదినా, అగ్గిపెట్టుందా" అని అరుస్తాడు. అగ్గిపెట్టె ఆయన జేబులోనే ఉంటుంది. "నీ వయసెంత, నేను నీకు వదినేంటి, సిగ్గులేదూ!" అని ఆమె ఒంటికాలి మీద లేస్తే తప్ప ఆయనకి తెల్లారదు.

సెంట్రింగు అంటే శ్లాబు పోసే ముందు కింద బిగించే చెక్కలూ, రేకులూ, వాటిని మోసే నిలువు కర్రలూ. శ్లాబు గట్టిపడ్డాక అవన్నీ విప్పాలి. బిగించడం మగవాళ్ళది. విప్పడం ఆడవాళ్ళకి వదిలేస్తారు, అదేదో తేలిక పనైనట్టు. ఏ కర్ర ముందు తియ్యాలో, ఏది చివరిదాకా ఉంచాలో తెలియకపోతే మొత్తం నెత్తిన పడుతుంది. వదిన ఇరవై రెండేళ్ళు ఆ పని చేసింది, ఒక్కసారీ పడలేదు. విప్పిన చెక్కల్లోంచి వంకరపోయిన మేకులు పీకి, రాయి మీద పెట్టి కొట్టి సాపు చేసి, ఇంటికి తెచ్చుకునేది. ఆమె ఇల్లంతా ఆ మేకుల మీదే నిలబడింది.

మా వరసని ఐదుసార్లు కూల్చారు. మొదటిసారి మాకేం తెలీదు, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాం. కోరల బండి వచ్చింది. మట్టి తవ్వే ఆ యంత్రాన్ని మేం అలాగే అంటాం. అది రేకుల్ని నలిపి, తలుపుల్ని విరిచి, కాలవలోకి తోసి వెళ్ళిపోయింది. రెండోసారి నుంచి వదిన ఒక పద్ధతి పెట్టింది. వాళ్ళు కూల్చేలోపు మనమే విప్పేసుకోవాలి. విప్పిన రేకు సాయంత్రానికి మళ్ళీ ఎక్కుతుంది, నలిగిన రేకు ఎక్కదు. అంతే ఆమె సిద్ధాంతం.

ఆమెకది వెన్నతో పెట్టిన విద్య. ప్రతి రేకు మీదా రంగుతో నంబరు వేసింది. ముందు అత్తగారు. ముసలావిడకి కళ్ళు కనబడవు, ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తి గోడ నీడలో పెడుతుంది. తరవాత పొయ్యి, గిన్నెలు దుప్పట్లో మూట. తరవాత తలుపు, ఆ తరవాత ఒకటో రేకు నుంచి పదకొండో రేకు దాకా. చివర కర్రలు. మా ఆయన ఒకసారి గడియారం పెట్టి చూశాడు, పద్దెనిమిది నిమిషాలు. "ఒలింపిక్సుకి పంపిద్దామా?" అన్నాడు. "నీ పెళ్ళాన్ని పంపు, మిషను మీంచి లేస్తే" అంది వదిన. మూడోసారి కూల్చడానికి వచ్చినప్పుడు వదిన మొగుడు కూడా ఒక చెయ్యి వేశాడు. నాలుగోసారికి ఆయన లేడు. అప్పుడూ పద్దెనిమిది నిమిషాలే పట్టింది.

విప్పాక చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది. వాళ్ళు వచ్చి ఇక్కడ ఇల్లెవరిదని అడిగితే, "ఇల్లేం లేదండీ, ఖాళీ జాగా" అనాలి. నాది అన్నామా, పేరు రాసుకుంటారు, ఆక్రమణ కేసు పెడతారు. ఖాళీ జాగా అంటే వాళ్ళకీ పని తగ్గుతుంది, ముందుకెళ్ళిపోతారు. ఈ మాట మా పిల్లలకి మాటలతోపాటే నేర్పాం.

వరసలో అందరం ఒకరి తరవాత ఒకరం కరెంటు మీటర్లు పెట్టించుకున్నాం. వదిన మాత్రం వద్దంది. "మీటరుకి గోడ కావాలి, గోడకి సిమెంటు కావాలి. అప్పుడు విప్పడమెలాగే? నీ ఇంట్లోంచి ఒక వైరు లాగు, చాలు" అంది. లాగాను. బిల్లు నా పేరునే వచ్చేది. ఇందులో తప్పేముందని అప్పుడు ఎవరికీ అనిపించలేదు.

ఆ ఏడు పట్టాలిస్తారని కబురొచ్చింది. మా సంఘం పెద్ద ఆటో నడుపుతాడు, ఆటో అన్న అంటాం. ఇంటింటికీ వచ్చి, "సోమవారం సర్వే. ఎవరి గుమ్మంలో వాళ్ళుండండి. ఇల్లు కనబడాలి, మనిషి కనబడాలి, ఫోటో తీస్తారు. ఫోటో ఉంటేనే పట్టా" అని చెప్పాడు. ఈ మాట అంతకుముందు నాలుగుసార్లు చెప్పాడు, నాలుగుసార్లూ ఎవరూ రాలేదు. అయినా వదిన సోమవారం పని మానేసింది. అత్తగారికి తల దువ్వి, తలుపు కడిగి, పొద్దున్నుంచీ గుమ్మంలో నిలబడింది. ఎవరూ రాలేదు. మంగళవారం కూడా మానేసింది. బుధవారం మేస్త్రీ కబురంపాడు, రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని. వెళ్ళింది.

ఆమెకి ఆ పట్టా ఎంత కావాలో నాకు తెలుసు. మంగళవారం సాయంత్రం నా గడప మీద కూర్చుని చెప్పింది. "కాగితం వచ్చాక ఒక్క గోడైనా ఇటుకలతో కడతానే. విప్పడానికి వీల్లేకుండా." అంతకుముందు ఆమె నోట ఎప్పుడూ ఏదీ కావాలని వినలేదు నేను.

జీపు శుక్రవారం వచ్చింది, చెప్పాపెట్టకుండా. పొద్దున్న పదిన్నరైంది. వదిన ఇంట్లోనే ఉంది, శ్లాబు ఇంకా ఆరలేదని ఆ రోజు పని లేదు. నేను మిషను మీద ఉన్నాను. బడి తెరిచేలోపు నలభై జతల యూనిఫారాలు ఇవ్వాలి. మూల మీద టీ కొట్టు బాబాయి గిన్నె మీద గరిటెతో టంగుటంగున బాదాడు. అది మా గుర్తు. ఆయన్ని అనడానికీ లేదు. ముందు ప్రభుత్వం జీపు, దాని వెనకే కోరల బండి. అలాంటి జంట మా వైపు వస్తే ఏమనుకుంటాం? ఆ బండి కాలవలో పూడిక తియ్యడానికి వచ్చిందనీ, జీపుకీ దానికీ సంబంధం లేదనీ మాకెవరు చెప్పారు!

"అమ్మాయ్! లేవే! వచ్చేశారు!" అని వదిన గోడ మీద గుద్దింది.

"ఈ ఒక్క కాలరు అవనీ వదినా" అన్నాను.

"కాలరుంటుంది, ఇల్లుండదు. లేవే మొద్దూ!"

నేను లేవలేదు. దీన్నేదో తెలివనుకునేరు, బద్ధకం. విప్పి, మళ్ళీ కట్టి, ఆరోసారి... ఒళ్ళు బరువెక్కిపోయింది. కూలిస్తే కూల్చుకోనీ అనిపించింది. కాలరు కుడుతూ కూర్చున్నాను. పక్కన రేకులు దిగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఒకటి, రెండు, మూడు.

జీపులోంచి నలుగురు కుర్రాళ్ళు దిగారు. మూల మీదే నిలబడి, సిగ్నలు అందక ఫోన్లు పైకెత్తి పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిరిగారు. తరవాత ఇళ్ళు పంచుకున్నారు. మూడోవాడి వాటా పద్నాలుగు నుంచి ఇరవై దాకా. ఇదంతా అయ్యేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోపు మా వరసలో మిగతా వాళ్ళు కొందరు తలుపు ఊడదీశారు, కొందరు రెండు రేకులు దింపారు, అంతవరకే. మొత్తం విప్పేసింది ఒక్క వదినే. ఆమెకి ఇంకా రెండు నిమిషాలు మిగిలాయి.

మధ్యలో ఉన్నది నా ఇంటి రేకొక్కటే. నాకంతా వినబడింది.

"అమ్మా, ఇక్కడ ఇల్లేది?"

"ఇల్లేం లేదు బాబూ. ఖాళీ జాగా."

"మరి ఈ సామానెవరిది?"

"ఎవరిదో. తీసేస్తారులే. మీరు వెళ్ళండి."

"ఈ పెద్దావిడ?"

"నీడకి కూర్చుంది."

ముసలావిడ కిమ్మనలేదు. ఆవిడక్కూడా నేర్పిందే కదా. ఫోను టిక్కుమంది. అతను ఏదో నొక్కుకుని పదిహేనో ఇంటికి వెళ్ళాడు.

ఐదు నిమిషాలకి రెండోవాడు నా గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, తలుపు దగ్గర నిలబడండి, ఫోటో" అన్నాడు. ఎందుకన్నాను. "పట్టాల సర్వే కదమ్మా, చెప్పలేదా మీకు?" అన్నాడు. ముందు ఫోటోకి నిలబడ్డాను. ఇది దాచను, ముందు ఫోటోకి నిలబడ్డాను, ఆ తరవాతే బయటికి పరుగెత్తాను.

"వదినా! కూల్చడానికి కాదు! పట్టాలకట!"

వదిన విప్పిన రేకులు కుప్పగా సర్దుతోంది, చేతిలో పదో రేకుంది. దాన్ని మెల్లగా కింద పెట్టింది. పెట్టి, మూడోవాడి వెనకాల పదహారో ఇంటి దాకా నడిచింది.

"బాబూ, అది నా ఇల్లు."

"మీరే కదమ్మా ఇల్లు లేదన్నారు?"

"అన్నాను. అది ఊరికే అనే మాట. మేమందరం అంటాం."

ఆ కుర్రాడు నిజంగానే నొచ్చుకున్నాడు. "ఫోన్లో ఎక్కించేశానమ్మా. ఒకసారి వెళ్తే మళ్ళీ నాకు తెరుచుకోదు. ఆఫీసులో అర్జీ పెట్టుకోండి" అన్నాడు. వదిన వెనక్కి వచ్చి కర్రలు పాతడం మొదలుపెట్టింది. ఈసారి నేను లేచాను, మా ఆయన లేచాడు, వాచ్‌మన్ తాత కూడా వచ్చాడు. అరగంటలో ఇల్లు నిలబెట్టాం. అతను అప్పటికి ఇరవయ్యో ఇంట్లో ఉన్నాడు. వదిన వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "ఇప్పుడు చూడు" అంది. చూశాడు. "ఉందమ్మా. ఉంది" అన్నాడు. జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఆఫీసు. పదకొండుసార్లు తిరిగింది, కాళ్ళరిగేలా. నాలుగుసార్లు నేనూ వెంట వెళ్ళాను. రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల, కళ్ళజోడు గుమాస్తా. చెడ్డవాడు కాదు, కూర్చోమనేవాడు. చెడ్డవాడైతే బాగుండేది, నా నోటికి పనుండేది. కంప్యూటరు మా వైపు తిప్పి చూపించాడు. చదునైన మట్టి, పక్కన రేకుల కుప్ప, కుర్చీలో ముసలావిడ. కింద తేదీ, సమయం.

"ఇందులో ఇల్లెక్కడుందమ్మా?"

"ఆ రేకులే ఇల్లు" అంది వదిన.

"కరెంటు బిల్లుందా?"

"ఈ అమ్మాయి పేరున వస్తుంది."

"మీ పేరున ఏదీ లేదా? పదహారేళ్ళుంటే ఒక్క కాగితమైనా ఉండదా?"

ఓటరు కార్డు ఇచ్చింది. అందులో మా వరస మొత్తానికి ఒకటే చిరునామా, 'గోడౌను వెనక' అని. ఆయన తిప్పి తిప్పి చూసి తిరిగిచ్చేశాడు. "ఐదుసార్లు కూల్చారు కదండీ మా ఇళ్ళు, ఆ కాగితాలు మీ దగ్గరే ఉంటాయిగా" అన్నాను నేను. ఉన్నాయట. వెతికించాడు కూడా, పాపం. మొదటిసారి దాంట్లో అసలు నంబర్లే లేవు, మిగతా నాలుగింట్లోనూ పద్నాలుగో నంబరు ఎదురుగా 'ఖాళీ' అనే రాసుంది. తల కొట్టేసినట్టయింది నాకు. వదిన మాత్రం తలూపి, కార్డు సంచిలో పెట్టుకుంది.

దారిలో ఏడుస్తుందేమో అని చూశాను. ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే పనికెళ్ళింది, వచ్చింది, వండింది, అత్తగారికి తినిపించింది. మేకులు సాపు చెయ్యడం మాత్రం మానేసింది. "తిట్టు వదినా, ఎవర్నైనా తిట్టు" అన్నాను ఒకరోజు. "ఎవర్ని తిట్టనే? వాళ్ళడిగారు, నేను చెప్పాను" అంది.

రెండు నెలలకి పట్టాలిచ్చే ఆఫీసరమ్మ స్వయంగా వచ్చింది, ఫైలుతో. టీ కొట్టు ముందు బల్ల వేశారు. మేమందరం చుట్టూ నిలబడ్డాం. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. పద్నాలుగో నంబరు మీద అర్జీ పెండింగులో ఉంది కాబట్టి వరస మొత్తం ప్లాను ఆగిపోయిందట. ప్లాను తేలకపోతే ఇరవై ఆరు పట్టాలూ రావట. నెలాఖరుకి గడువు, అది దాటితే మళ్ళీ ఎప్పుడో ఆవిడకే తెలీదట. ఖాళీగా ఉన్న జాగా అందరి అవసరానికీ వదిలేస్తారు, నీళ్ళ ట్యాంకు కడతారు.

"నేనడిగేది ఒక్కటే" అంది ఆఫీసరమ్మ. "ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నారు, ఎందుకు విప్పారు, అవన్నీ నేను నమ్ముతున్నాను. కానీ కాగితం మీద అడిగేది అది కాదు. సర్వే సమయానికి అక్కడ కట్టడం ఉందా, లేదా? అటు పక్కవాళ్ళూ ఇటు పక్కవాళ్ళూ సంతకం చెయ్యాలి."

అటు పక్క పదిహేనులో వాచ్‌మన్ తాత, ఇటు పక్క నేను.

ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళూ అక్కడే ఉన్నారు. బతిమాలినా, గదమాయించినా నేను గొడవ పెట్టుకునేదాన్ని. అందరూ కాలవ వైపు చూస్తున్నారు. మా ఆయన నా వైపు చూడకుండా, "పిల్లలు" అన్నాడు. ఆ ఒక్క మాటే.

తాత వేలిముద్ర వేశాడు. వేసి, వేలు చొక్కాకి తుడుచుకుంటూ వదిన ముందు నిలబడ్డాడు. పక్కకి తప్పుకున్నాడు.

"నేను చెయ్యను" అన్నాను. అన్నాను గానీ, పెన్ను నా చేతిలోనే ఉంది.

వదిన గుంపులోంచి ముందుకొచ్చింది. "చెయ్యవే. అబద్ధం కాదుగా" అంది. తరవాత ఆఫీసరమ్మ వైపు తిరిగింది. "రాసుకోండమ్మా. లేదు. నేనే విప్పాను. నా అర్జీ కూడా వెనక్కి తీసుకుంటాను, ఎక్కడ పెట్టాలో చెప్పండి."

ఆఫీసరమ్మ ఆమె ముఖంలోకి చూసి, "ఆలోచించుకున్నావా అమ్మా?" అని అడిగింది.

"దీనికి ఆలోచనెందుకండీ. నేనొక్కదాన్ని అడ్డంగా ఉంటే అందరి మీదా పడుతుంది."

సంతకం చేశాను. నా పేరు నాకు కొత్తగా కనబడింది. సిగ్గేసింది, ఆ రోజంతా, ఆ వారమంతా. తరవాత అది కూడా మొద్దుబారింది. యూనిఫారాలకి గుండీలు కుడుతూ ఉండిపోయాను.

పట్టాలు బడి ఆవరణలో ఇచ్చారు. కుర్చీలు, మైకు, ఫోటోలు. ఒక్కొక్కరి పేరూ పిలిచారు. పన్నెండు, పదమూడు, పదిహేను. మధ్యలో ఆగను కూడా లేదు ఆ గొంతు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఏమాటకామాటే చెప్పాలి, కాగితం చేతిలో పడ్డప్పుడు సంతోషమేసింది. లేదంటే నా నోట్లో పురుగులు పడతాయి.

ఇంటికొచ్చేసరికి వదిన తన గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. వారం రోజుల్లో ఖాళీ చెయ్యాలని ఆమెకి నోటీసు ఇచ్చారు. కాలవ అవతల ఎక్కడో చెల్లెలి ఇంటి వెనక కాస్త చోటుందట. అత్తగారు పక్కనే కుర్చీలో ఉంది. నేను కాగితం కొంగు కింద పెట్టుకుని లోపలికి జారుకోబోయాను.

"దొంగలా వెళ్తావేం? ఇలా రా. చూపించు" అంది.

చూపించాను. చదువు రాదు ఆమెకి. చేతులు తుడుచుకుని పట్టుకుంది, ముద్ర మీద బొటనవేలు పెట్టి రాసింది, తిరిగిచ్చింది. "చదువు. వింటాను" అంది.

నా పేరు చదివాను, మా ఆయన పేరు చదివాను. పదమూడో నంబరు, ఇన్ని గజాలు. ఆమె ఊఁ కొడుతూ వింటోంది. కింద హద్దులు రాసున్నాయి. మొదటిది చూశాను. రెండోదాన్నుంచి మొదలుపెట్టాను.

"దక్షిణం, నడిచే దారి..."

"తూర్పు వదిలేశావేం? హద్దులు తూర్పు నుంచి కదూ చదువుతారు? సైట్లో ఎన్నిసార్లు వినలేదూ."

"లేదొదినా, ఇందులో..."

"చదవ్వే."

ఆమె నా తూర్పు పక్కనే కూర్చుని ఉంది. చేటలో చేతులు ఆడుతూనే ఉన్నాయి.

"తూర్పు, ఖాళీ స్థలం" అని చదివాను.

"ఊఁ" అంది వదిన. ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "పడమర?"

పడమర చదివాను.